సైడింగ్ పట్టాలపై ఎదురెదురుగా మూడు జతల గుంటలు: కారణం ఏమై ఉంటుంది?

సైడింగ్ పర్యవేక్షకుడు (పల్నాడు జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ఒక సిమెంటు కర్మాగారానికి చెందిన ప్రైవేటు సైడింగులో, అంటే ప్రధాన రైలు మార్గం నుంచి కర్మాగారంలోకి చీలే లైనులో, పట్టాల నిర్వహణ చూస్తాను. మొన్న ఉదయం నడుచుకుంటూ తనిఖీ చేస్తున్నప్పుడు, గత పదకొండేళ్లలో నేను ఎన్నడూ చూడని రకం దెబ్బ ఒకటి కనిపించింది. దాని కారణం తేల్చడానికి మీ సాయం కోరుతున్నాను.

బొగ్గు రేకులు (వ్యాగన్లన్నీ కలిపిన పూర్తి గూడ్సు బండిని రేకు అంటాము) వచ్చే లైనులో, లోపలి లెవెల్ క్రాసింగ్ దాటిన నాలుగు మీటర్ల తర్వాత, పట్టా పైభాగంలో కోడిగుడ్డు ఆకారపు గుంటలు పడ్డాయి. ఒక్కొక్కటి సుమారు 110 మిల్లీమీటర్ల పొడవు ఉంది. స్టీలు స్కేలును పట్టా మీద నిలువుగా ఆనించి, కింది సందులో ఫీలర్ గేజి పెట్టి చూస్తే మధ్యలో లోతు రెండు మిల్లీమీటర్లకు కొంచెం పైనే వచ్చింది. కుడి పట్టా మీద మూడు, ఎడమ పట్టా మీద మూడు ఉన్నాయి. గుంట అంచున లోహం ముద్దలా పక్కకు పొంగి, వేలితో తడిమితే పెదవిలా తగులుతోంది. గుంట చుట్టూ నీలం, గోధుమ రంగు కలిసిన మచ్చ ఉంది. గుంటకూ గుంటకూ నడుమ పట్టా మామూలుగానే మెరుస్తోంది.

మా దగ్గర మూడు అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. ఎవరో గ్యాస్ కట్టరుతో కావాలని చేశారని కాపలా సిబ్బంది అంటున్నారు. అంతకు ముందు రాత్రి ఉరుములతో జల్లు పడింది కాబట్టి పిడుగు పడి ఉంటుందని ఇంకొకరు అంటున్నారు. పట్టా తయారీలోనే లోపం ఉందని, సరఫరా చేసిన వారికి రాయాలని మా స్టోర్సు అధికారి గట్టిగా చెబుతున్నారు. ఈ మూడింటిలో ఏదీ నాకు పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు. ఆ లైనులో ఉన్నవి మీటరుకు 52 కిలోలు తూగే పట్టాలు, వాటి కింద అడ్డంగా కాంక్రీటు స్లీపర్లు. రేకు వచ్చి ఆగే చోటు వరకు పైన కరెంటు తీగ ఉంది. ఇలాంటిది ఎవరైనా చూసి ఉంటే దయచేసి వివరించగలరు.

వ్యాగన్ మరమ్మతు (కాజీపేట వైపు)

నాకు మొదట తోచింది చెబుతాను. వ్యాగను చక్రం ఒకచోట అరిగి చదునైపోతే, అది తిరిగిన ప్రతిసారీ పట్టాను సుత్తితో కొట్టినట్లు కొడుతుంది. రాత్రిపూట గూడ్సు బండి పోతున్నప్పుడు టకటకమని ఒకే తాళంలో వినిపించే చప్పుడు అదే. అటువంటి చక్రం పట్టా మీద సమాన దూరాల్లో గాయాలు చేయగలదు. అందువల్ల మీరు ముందుగా గుంటల మధ్య దూరం కొలవండి. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ రకం వ్యాగను చక్రం కొత్తగా ఉన్నప్పుడు 1000 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది కాబట్టి ఒక చుట్టు తిరిగితే 3.14 మీటర్లు కదులుతుంది. అరిగిన చక్రమైతే దూరం ఇంకొంచెం తక్కువ వస్తుంది. మీకు మూడు మీటర్లకు అటూ ఇటూగా వస్తే నా అనుమానం నిజమని అనుకోవచ్చు.

సైడింగ్ పర్యవేక్షకుడు (పల్నాడు జిల్లా)

కొలిచి రాయమన్నందుకు కృతజ్ఞతలు. సుద్దముక్కతో ప్రతి గుంట మధ్యలో గీత గీసి టేపుతో కొలిచాను. మొదటి గుంట నుంచి రెండవ గుంటకు 1848 మిల్లీమీటర్లు, రెండవ దాని నుంచి మూడవ దానికి 1853 మిల్లీమీటర్లు వచ్చింది. ఎడమ పట్టా మీద కూడా దాదాపు ఇవే అంకెలు. అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచిన విషయం మరొకటి ఉంది. మూలమట్టం పెట్టి పట్టాకు అడ్డంగా దారం లాగితే, కుడి గుంటకు సరిగ్గా ఎదురుగానే ఎడమ గుంట ఉంది. మూడు జతలూ అలాగే ఉన్నాయి. ముందుకు, వెనక్కు వంద మీటర్లు నడిచి చూసినా ఇలాంటివి మళ్లీ కనిపించలేదు.

పాత లోకో పైలట్ (వాల్తేరు)

అయ్యా, మీరు ఇప్పుడు రాసిన రెండు వాక్యాలతోనే సగం చిక్కు విడిపోయింది. చదును పడిన చక్రమైతే గాయాలు బండి నడిచినంత దూరం వరుసగా సాగుతాయి తప్ప మూడింటితో ఆగవు. పైగా మీ దూరం 3.14 మీటర్లకు చాలా తక్కువ. 1850 మిల్లీమీటర్లు అనేది డబ్ల్యూఏజీ-9 విద్యుత్ ఇంజన్ బోగీలో ఒక ఇరుసుకూ పక్క ఇరుసుకూ ఉండే దూరం. ఇక్కడ బోగీ అంటే ప్రయాణికుల పెట్టె అని అనుకోవద్దు. ఇంజన్ కింద మూడు ఇరుసులనూ పట్టి ఉంచే చట్రాన్ని మేము బోగీ అంటాము. ఆ ఇంజనుకు అలాంటివి రెండు ఉంటాయి. ఒకే ఇరుసుకు రెండు చివర్లలో రెండు చక్రాలు బిగించి ఉంటాయి కాబట్టి, ఇరుసు జారితే రెండు పట్టాల మీదా ఎదురెదురుగానే దెబ్బ పడుతుంది. గ్యాస్ కట్టరు పట్టుకున్న మనిషి ఇంత కొలత పాటించడు. పిడుగుకు ఇరుసుల దూరం తెలియదు. తయారీ లోపమైతే వేరువేరు పట్టాల్లో ఎదురెదురుగా, అదీ మూడుసార్లు, రావడం అసంభవం.

ఇది చక్రం నిలిచినచోటనే గిర్రున తిరగడం వల్ల పట్టా కాలిన గుర్తు. మా వాళ్లు వీల్ బర్న్ అంటారు. బరువైన బండిని కదిలించబోయినప్పుడు చక్రానికీ పట్టాకూ మధ్య పట్టు చాలకపోతే, బండి కదలదు, చక్రం మాత్రం తిరుగుతుంది. తిరిగే చక్రం తన చుట్టుకొలత అంతటా సమానంగా అరుగుతుంది కాబట్టి చక్రం మీద పెద్దగా గుర్తు ఉండదు. పట్టా మాత్రం ఆ రాపిడినంతా ఒక్కచోటనే భరించాలి. బ్రేకు పట్టేసిన చక్రం జారినప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. అప్పుడు చక్రం ఒకచోట చదునవుతుంది, పట్టా మీద పొడవైన చార మాత్రమే మిగులుతుంది. మీది గుంట కాబట్టి ఇంజన్ లాగబోయి జారిందే అని నేను నిశ్చయంగా చెప్పగలను. గుంట 110 మిల్లీమీటర్ల పొడవు సాగిందంటే, చక్రాలు తిరుగుతుండగా ఇంజన్ కొద్ది సెంటీమీటర్లు ముందుకు పాకి ఉంటుంది.

మీకు ఆరు జతలు కాక మూడే ఎందుకు కనిపించాయన్నది ఆలోచించదగిన ప్రశ్న. ఇంజన్ బరువైన బండిని లాగుతున్నప్పుడు ముందు బోగీ మీది భారం కొంత తగ్గి వెనుక బోగీ మీదికి మళ్లుతుంది. అందుకే ముందు చక్రాలే మొదట జారుతాయి. ఆ ఇంజనులో ఒక బోగీకి చెందిన మూడు మోటార్లకూ ఒకే కన్వర్టరు నుంచి కరెంటు వెళుతుంది, అందువల్ల మూడు ఇరుసులూ దాదాపు ఒకే వేగంతో తిరుగుతాయి. జారుడును పసిగట్టి శక్తి తగ్గించే ఏర్పాటు ఇంజనులో ఉన్నమాట నిజమే. అయితే చక్రాల వేగాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసే పద్ధతిలో, మూడూ కలిసి ఒకేలా జారితే తేడా అంత తేలికగా బయటపడదు.

ఇంతవరకు చెప్పింది ఏమి జరిగిందన్నది మాత్రమే. ఎందుకు జరిగిందో తేలాలంటే మూడు విషయాలు తెలియాలి. ఆ రాత్రి ఏ రేకు వచ్చింది? ఇంజన్ సరిగ్గా అక్కడే ఎందుకు ఆగింది? అక్కడ లైను ఎత్తు ఎక్కుతుందా?

లోహశాస్త్ర అధ్యాపకుడు (విశాఖపట్నం)

పైన పెద్దలు చెప్పిన నిర్ధారణతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే గుంట లోతు రెండు మిల్లీమీటర్లే కదా అని ఎవరైనా తేలిగ్గా తీసుకుంటారేమోనన్న భయంతో ఇది రాస్తున్నాను.

పట్టా ఉక్కులో కర్బనం సుమారు 0.6 నుంచి 0.8 శాతం వరకు ఉంటుంది. మామూలు స్థితిలో దాని లోపలి నిర్మాణం పెర్లైటు, అంటే మెత్తని ఇనుము పొర, గట్టి కార్బైడు పొర ఒకదాని మీద ఒకటి పేర్చినట్లుండే కట్టు. గట్టిదనం, సాగే గుణం రెండూ ఉండడం వల్లనే అది ఏళ్ల తరబడి చక్రాల బరువు మోస్తుంది. చక్రానికీ పట్టాకూ తాకిడి జరిగే చోటు ఒక చిన్న నాణెమంత మాత్రమే. జారే చక్రం ఆ కాస్త చోటును సెకన్లలోనే సుమారు 725 డిగ్రీల సెల్సియస్ దాటించగలదు. ఆ వేడిలో పెర్లైటు రూపం మారిపోతుంది. చక్రం పక్కకు తప్పుకోగానే, కింద చల్లగా ఉన్న పట్టా మొత్తం ఆ వేడిని ఒక్కసారిగా లాగేసుకుంటుంది. కొలిమిలో ఎర్రగా కాల్చిన కత్తిని కమ్మరి నీళ్లలో ముంచినప్పుడు ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. మార్టెన్సైటు అనే అతిగట్టి పొర ఏర్పడుతుంది. కమ్మరి ఆ తర్వాత కత్తిని మళ్లీ కొంచెం వేడిచేసి పెళుసుదనం తీస్తాడు. పట్టాకు ఆ రెండో మెట్టు ఉండదు. అందుకే ఆ పొర గాజులా పెళుసుగా ఉండిపోయి, చక్రం దాని మీద నుంచి పోయిన ప్రతిసారీ నెర్రెలు విచ్చుతుంది.

మీరు స్వయంగా చూడగలిగిన పరీక్ష ఒకటి ఉంది. మంచి ఆకురాయి తీసుకుని ముందు గుంటకు దూరంగా పట్టా పక్క అంచు మీద గీయండి, ఉక్కు పొడి రాలుతుంది. అదే ఆకురాయిని గుంట నడిమధ్యలో గీస్తే కొరకకుండా సర్రున జారిపోతుంది. గట్టిదనాన్ని కొలిచే బ్రినెల్ ప్రమాణంలో మామూలు పట్టా 260 నుంచి 300 ఉంటే, ఈ పొర దానికి రెట్టింపు దాటి ఉంటుంది.

ఇందులో మోసం ఏమిటంటే, అల్ట్రాసోనిక్ యంత్రంతో పరీక్షించినా లోపలి పగులు దొరకకపోవచ్చు. గుంట కింద మొదట పట్టాకు సమాంతరంగా పగులు పరుచుకుంటుంది. పైనుంచి పంపిన ధ్వని తరంగం దానిని తాకి వెనక్కు వచ్చేస్తుంది. ఆ నీడలో నిలువుగా కిందికి దిగే పగులు, అసలు పట్టాను విరగ్గొట్టేది, యంత్రానికి కనిపించకుండా ఉండిపోతుంది.

ఇంగ్లాండులో హాట్‌ఫీల్డ్ దగ్గర 2000 అక్టోబరు 17న జరిగిన ప్రమాదాన్ని నేను తరగతిలో ప్రతి ఏడాదీ చెబుతాను. అక్కడ కారణం వీల్ బర్న్ కాదు. వంపులో చక్రాల ఒత్తిడికి పట్టా లోపలి అంచున పుట్టిన అలసట పగుళ్లు. కానీ పైకి సన్నగా కనిపించిన ఆ పగుళ్లు ఉన్న పట్టా, బండి గంటకు 185 కిలోమీటర్ల వేగంతో మీద నుంచి వెళ్తున్నప్పుడు 300కు పైగా ముక్కలైంది, నలుగురు మరణించారు. పగుళ్ల సంగతి అంతకు ముందే నిర్వాహకులకు తెలుసు, పట్టా మార్చడమే ఆలస్యమైంది.

సైడింగ్ పర్యవేక్షకుడు (పల్నాడు జిల్లా)

ఆకురాయి పరీక్ష ఇప్పుడే చేసి వచ్చాను. మీరు చెప్పినట్లే గుంటలో ఆకురాయి జారిపోయింది, చప్పుడు కూడా గాజు మీద గీసినట్లు వేరేగా వచ్చింది.

లోకో పైలట్ గారి ప్రశ్నలకు జవాబులు సేకరించాను. ఆ రాత్రి వచ్చింది 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల బొగ్గు రేకు. లైను అక్కడ 200 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కుతుంది. కర్మాగారం గేటు తెరిచే వరకు ఆగవలసిన బోర్డు క్రాసింగ్ దాటిన వెంటనే ఉంది. అందువల్ల ఇంజన్ ముందు భాగం క్రాసింగ్ దాటి, వెనుక భాగం ఇంకా క్రాసింగ్ దాటకుండా నిలుస్తుంది. ఆ క్రాసింగ్ మీదుగా రోజంతా బూడిద లారీలు తిరుగుతాయి. జల్లు పడిన రాత్రి వాటి టైర్ల బురద వాననీటితో కలిసి, క్రాసింగ్ దాటాక పది పన్నెండు మీటర్ల మేర పట్టాల మీద జిగటగా పరుచుకున్నట్లు మా పాయింట్స్‌మన్ (బండిని ఏ లైనులోకి మళ్లించాలో చూసే సిబ్బంది) చెప్పాడు. అతను ఆ రాత్రి ఇంజన్ కింద నిప్పురవ్వలు కూడా చూశాడట. కానీ తననెవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదన్నాడు.

పాత లోకో పైలట్ (వాల్తేరు)

ఇక సందేహానికి తావు లేదు. లెక్క కూడా ఒకసారి చూడండి. 58 వ్యాగన్లు నిండుగా ఉంటే సుమారు 4700 టన్నులు. ఆ ఎత్తు ఎక్కించడానికి 230 కిలోన్యూటన్ల (లాగే బలానికి కొలత ఇది) బలం, నిలిచిన చక్రాలను కదిలించడానికి టన్నుకు నాలుగు కిలోల బలం చొప్పున మరో 185 కిలోన్యూటన్లు, మొత్తం 415 వరకు కావాలి. డబ్ల్యూఏజీ-9 ఇంజన్ బరువు 123 టన్నులు, బయలుదేరేటప్పుడు అది లాగగలిగేది గరిష్ఠంగా 458 కిలోన్యూటన్లు. అంటే పట్టా పొడిగా ఉంటేనే అతికష్టం మీద సరిపోయే పని అది. ఇంజన్ తన బరువులో మూడో వంతుకు మించిన బలంతో లాగవలసి ఉండగా, బురద పూసిన పట్టా మీద ముందు బోగీకి అందులో సగం పట్టు కూడా దొరికి ఉండదు. వెనుక బోగీ ఇంకా క్రాసింగ్ దాటకుండా శుభ్రమైన పట్టా మీద ఉంది కాబట్టి దాని కింద గుంటలు లేవు. మీ మూడు జతల రహస్యం ఇదే.

బండి నడిపిన వారిని వెంటనే తప్పుపట్టవద్దని మాత్రం మనవి. పట్టు కోసం చక్రాల కింద ఇసుక వేశారా, శక్తి నెమ్మదిగా పెంచారా అని అడగవలసిందే. కానీ భారీ రేకును ఎత్తు మీద, అదీ బురద చేరే చోట, ప్రతిసారీ ఆపమని బోర్డు పెట్టింది వారు కాదు. నేను ముప్పై ఏళ్లు ఘాట్ లైన్లలో ఇంజన్లు నడిపాను. తడి పట్టా మీద చక్రం పట్టు తప్పినప్పుడు కాలి కింద నేల జారినట్లే ఉంటుంది. చేతిలోని హ్యాండిల్ వెనక్కు తీసేలోపే పట్టాకు జరగవలసిన నష్టం జరిగిపోతుంది.

పట్టాల నిర్వహణలో పదవీ విరమణ చేసినవాడు (గుంతకల్లు)

నేను ఇంతసేపు చదువుతూ ఒక్క మాట కోసం ఎదురుచూశాను, అది ఎవరూ రాయలేదు. సైడింగ్ పర్యవేక్షకుడు గారూ, ఆ లైను మీద ఇప్పటికీ రేకులు నడుస్తున్నాయా? నడుస్తుంటే ముందు ఆపించండి. కారణం తేలేదాకా ఆగవలసిన పని కాదిది.

1998 నవంబరు 26న పంజాబులోని ఖన్నా దగ్గర ఒక పట్టా విరిగింది. దాని మీద నుంచి వెళ్తున్న ఫ్రాంటియర్ మెయిలు పెట్టెలు కొన్ని పట్టాలు తప్పి పక్క లైనుకు అడ్డంగా పడ్డాయి. అంతలో ఎదురుగా వచ్చిన జమ్మూతావి–సియాల్దా ఎక్స్‌ప్రెస్ వాటిని ఢీకొట్టింది. 212 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత పట్టాల వెంట నడిచి తనిఖీ చేసే మా మేట్లు, కీమ్యాన్లు చలికాలం తెల్లవారుజామున పట్టా మీద సన్నని గీత కనిపించినా వంగి చేత్తో తడిమి చూడకుండా ముందుకు కదిలేవారు కాదు. మీ సైడింగులో బండి వేగం తక్కువే, ప్రయాణికులు ఉండరు. కానీ వ్యాగను ఒరిగితే పక్కన నడిచే పాయింట్స్‌మన్ ప్రాణం కూడా ప్రాణమే.

ప్రస్తుతానికి పట్టాకు రెండు పక్కలా ఆసరాగా జాగిల్డ్ ఫిష్‌ప్లేట్లు (మధ్యలో ఉబ్బెత్తుగా వంచిన ఉక్కు పలకలు) క్లాంపులతో బిగించి, కాపలా మనిషిని పెట్టి, నడక వేగంతో మాత్రమే బండిని పోనివ్వండి. గుంట వంకరను గ్రైండరుతో సాపు చేసి ఊరుకుందామని మీకు ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. పైన వెల్డింగుతో లోహం నింపే పద్ధతి ఉంది గానీ, కింది పెళుసు పొరనూ పగుళ్లనూ పూర్తిగా తీసివేశామని నిర్ధారించుకోకుండా నింపితే, పుండు మానకుండా కట్టు కట్టినట్లే అవుతుంది. మీకున్నది ఏడు మీటర్ల లోపు ముక్క. రెండు వైపులా ఆ ముక్కను కోసి కొత్త పట్టా వేయడమే నా సలహా. గుంట కింద స్లీపర్లను కూడా చూడండి. గుంట మీద చక్రం పడి లేచిన ప్రతిసారీ ఆ దెబ్బ కిందికి పోతుంది, కాంక్రీటు స్లీపరు చిట్లడం, కంకర పిండిలా నలగడం అక్కడే మొదలవుతుంది.

సైడింగ్ పర్యవేక్షకుడు (పల్నాడు జిల్లా)

గుంతకల్లు పెద్దాయన రాసింది చదివిన అరగంటలోపే లైను మూయించాను. రెండు రోజులు బొగ్గు ఆలస్యమవుతుందని పైనుంచి ఒత్తిడి వచ్చినా, ఈ చర్చను ముద్రించి మా మేనేజరు గారి చేతిలో పెట్టాను. ఆయన చివరి వరకు చదివి, ఒక్క మాట కూడా అడగకుండా సంతకం చేశారు.

నిన్న రెండు వైపులా పట్టా ముక్కలు కోసి తీశాము. రెండవ జతలో కుడివైపు గుంటను నడిమికి కోయించి, కోసిన ముఖాన్ని గరుకు కాగితంతో నునుపు చేసి, ఎర్ర రంగు ద్రవం పూసి తుడిచి, పగులులోకి దిగిన రంగు బయటపడేలా పైన తెల్లపొడి చల్లాము. గుంట అడుగు నుంచి మూడు మిల్లీమీటర్ల కింద ఎర్రటి గీత ఒకటి పట్టా పొడవునా సాగి, ఒక కొనన చటుక్కున కిందికి వంగి ఆరు మిల్లీమీటర్ల దాకా దిగింది. దెబ్బ తగిలి నాలుగు రోజులే. ఈలోపు దాని మీదుగా పోయినవి మూడు రేకులు. పట్టా మీద నిలబడి చూసినప్పుడు ఆ గీత జాడ కూడా నాకు కనిపించలేదు.

ఆగే బోర్డును క్రాసింగ్‌కు 60 మీటర్ల వెనక్కు మార్చడానికి దరఖాస్తు పంపాము. క్రాసింగ్ ఇరువైపులా బురద నీరు పట్టాల వైపు రాకుండా అడ్డంగా కాలువ తవ్వడం ఈ ఉదయం మొదలైంది. నిప్పురవ్వలు చూసిన పాయింట్స్‌మన్‌ను పిలిచి, ఇకమీద రాత్రి విధుల్లో కనిపించిన ప్రతిదీ రాయమని ఒక పుస్తకం ఇచ్చాను. అతను మొదటి పేజీలో ఆ రాత్రి సంగతే, వాన మొదలైన వేళతో సహా, రాసి తెచ్చాడు.